కరగని తెల్లగీత

మా అమ్మ కళ్ళు పచ్చబడ్డాయని మొదట కనిపెట్టింది ఇంట్లో వాళ్ళెవరూ కాదు. ఆమెతో పాటు మిరప కోతకి వెళ్ళే పక్కింటి పిన్ని. సాలు మధ్యలో నిలబెట్టి, "అక్కా, నీ కళ్ళేంది అట్టా పచ్చగా ఉన్నయ్?" అని అడిగిందట. "పొద్దస్తమానం ఎర్రకాయలు చూసీ చూసీ నీ చూపే చెడింది" అని అమ్మ నవ్వి, ఒళ్ళో కాయలు బుట్టలో పోసి మళ్ళీ వంగిందట. ఆ తర్వాత మూడు వారాలకి అమ్మ లేదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. సత్తెనపల్లికి బస్సులో ముప్పావుగంట దూరం మా ఊరు. నాన్న చర్చి వాళ్ళు నడిపే బడిలో టీచరు. అమ్మ పత్తి తీతకీ మిరప కోతకీ కూలికి వెళ్ళేది. నేను గుంటూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాను. నాన్న కబురు పంపేసరికే మా నాయనమ్మ అమ్మని ఎక్కడికో తీసుకెళ్ళి ముంజేతి మీద కాల్పించింది. కామెర్లకి మా వైపు అదే వైద్యం. తర్వాత పసరు పోయించింది. నేను వచ్చేసరికి అమ్మ నన్ను చూసి, నేనెవరో గుర్తుపట్టక, "మీ అమ్మ రాలేదా?" అని అడిగింది.

గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. అప్పటికే మగతలోకి వెళ్ళిపోయింది. చేతి మీద కాల్చిన మచ్చ చూసి అక్కడి కుర్ర డాక్టరు మొహం చిట్లించుకున్నాడు. నా వైపు తిరిగి ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ మూడు నాలుగు నెలల్లో ఎక్కడైనా ఇంజెక్షన్లు చేయించుకుందా?"

చేయించుకుంది. నేను చూశాను.

మా ఊళ్ళో ఒక సూదుల డాక్టరు ఉండేవాడు. డాక్టరు కాదు, ఎక్కడో ఆసుపత్రిలో కొన్నాళ్ళు కాంపౌండరుగా చేసి వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, మోపెడ్డు, ఒక స్టీలు డబ్బా. రోడ్డు పక్క గదిలో శనివారం పూట బెంచీ నిండా జనం ఉండేవాళ్ళు. నడుములు పడిపోయిన కోత కూలీలందరికీ ఆయన ఎర్రటి బి-ట్వెల్వ్ మందు ఎక్కించేవాడు. దాన్నే అందరూ బలం సూది అనేవాళ్ళు. క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. ఒక ముసలాయన చేతిలోంచి సూది లాగి, స్పిరిట్ దూదితో పెన్ను పాళీ తుడిచినట్టు తుడిచి, మళ్ళీ మందు పట్టి, అదే సూది మా అమ్మ చేతికి గుచ్చాడు. తర్వాత అదే సూది ఆమె పక్కన కూర్చున్న మనిషికి. నేను కెమిస్ట్రీ చదువుతున్నదాన్ని. అది తప్పని నాకు తెలుసు. ఊళ్ళో అందరూ చేతులెత్తి దణ్ణం పెట్టే మనిషిని ఏమనగలను అనుకుని నోరు మెదపలేదు.

అమ్మ చనిపోయాక ఆయన సమాధుల దొడ్డికి వచ్చాడు. నాన్న చేయి పట్టుకుని, "అంతా దేవుడి చిత్తం టీచరు గారూ. ఈ ఏడు గాలి బాగాలేదు" అన్నాడు. నాన్న కళ్ళు తుడుచుకుని, "పనులన్నీ మానుకుని వచ్చారు, సంతోషమండీ" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు ఆగిపోయింది. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. కూర్చున్నది మళ్ళీ లేవలేదు.

*

డిగ్రీ పూర్తయ్యాక గుంటూరులోనే ఒక ప్రయోగశాలలో టెక్నీషియను ఉద్యోగానికి వెళ్ళాను. ఆ ల్యాబు నడిపే మేడం పురోహితుల ఇంటి ఆడపడుచు. నుదుట పెద్ద బొట్టు, ఎప్పుడూ నేత చీర, మాట్లాడితే కత్తిరించినట్టు మాట్లాడేది. రక్తంలో, సూదుల ద్వారా పాకే కామెర్ల వైరస్ హెపటైటిస్-బి ఆనవాలు పట్టుకోవడం అక్కడ జరిగే పని.

"ఈ పనే ఎందుకు కావాలి నీకు?" అని అడిగింది.

"దాన్ని చంపాలండి."

"దేన్ని?"

"హెపటైటిస్‌ని."

ఆమె నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ముందు దాన్ని చూడటం నేర్చుకో. తర్వాత చంపుదువుగాని" అంది.

చూడటం ఎలాగో ఆమే నేర్పింది. గాజు పలక మీద అగర్ జిగురు పోసి, గడ్డకట్టాక అందులో రెండు చిన్న గుంటలు చేయాలి. ఒక గుంటలో మనిషి రక్తంలోంచి తీసిన సీరం, ఇంకో గుంటలో వైరస్‌ని పట్టే యాంటీసీరం. కరెంటు పెడితే రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. వైరస్ పైపొర ప్రొటీను ఆ సీరంలో ఉంటే, రెండూ కలిసిన చోట సన్నని తెల్లగీత పడుతుంది. లేకపోతే ఏమీ ఉండదు.

మొదటిసారి ఆ గీతని దీపానికి అడ్డంగా పట్టుకుని చూశాను. వెంట్రుక కన్నా కొంచెం లావు, అంతే. ఇంత పెద్ద మనిషిని తీసుకుపోయింది ఇదా అనుకున్నాను. గోరుతో గీరి పారేయాలనిపించింది.

మేడం చెప్పిన ఇంకో సంగతి నా కోపాన్ని రెట్టింపు చేసింది. ఈ వైరస్ కాలేయం కణంలో దూరి, తనకి అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పైపొర ప్రొటీను చేయిస్తుంది. లోపల వైరస్ లేని ఖాళీ డొల్లలు రక్తంలోకి కుప్పలుగా వదులుతుంది. ఒంట్లో రక్షణ కోసం పుట్టిన యాంటీబాడీలు ఆ డొల్లల మీద పడి ఖర్చయిపోతాయి. అసలు దొంగ వెనక నుంచి పోతాడు.

"మరి కణం ఊరుకుంటుందా అండీ? పనికిమాలిన ప్రొటీన్లని తీసిపారేసే ఏర్పాటు దానికి ఉండాలి కదా?"

"ఉంది. కానీ దీని మీద అది ఎంత పనిచేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలీదు."

మిరప కల్లంలో అమ్మ పని తాలుకాయలు ఏరడం. పండిన ఎరుపు లేక తెల్లబారిన కాయని ఆమె వేళ్ళు చూడకుండానే పట్టుకుని పక్కకి విసిరేవి. కణంలో కూడా అలా ఏరేవాళ్ళు ఉన్నారని మేడం చెప్పింది. లైసోజోములు అనే చిన్న సంచులుంటాయి, వాటి నిండా ఆమ్లపు పులుపూ, ప్రొటీన్లని ముక్కలు చేసే ఎంజైములూ. అవి కాక, నెలలు ఆలస్యంగా ఓడ మీద వచ్చే విదేశీ పత్రికల్లో అప్పుడప్పుడే ఇంకో దారి గురించి రాస్తున్నారు. కణం తను పారేయదలచుకున్న ప్రొటీనుకి ఒక చిన్న ప్రొటీనుని గుర్తుగా తగిలిస్తుందట. గుర్తు తగిలిందంటే దాని ఆయుష్షు తీరినట్టే. శక్తి ఖర్చుపెట్టి మరీ దాన్ని నరికేస్తుందట. ఆ పేజీలు మేడం నాకు చదివి చెబుతుంటే నేను పరీక్షకి చదివినట్టు కాకుండా, పగవాడి ఇంటి దారులు తెలుసుకుంటున్నట్టు విన్నాను.

"గుర్తు తగిలించే పని మన దగ్గర చూడలేం. అంత సరంజామా లేదు" అంది మేడం. "లైసోజోముల సంగతి చూడొచ్చు. మేక కాలేయం చాలు."

*

అలా మొదలైంది. తెల్లవారగానే మార్కెట్లో మాంసం కొట్టుకి వెళ్ళి, అప్పుడే కోసిన కాలేయం ఐసు డబ్బాలో పెట్టుకుని వచ్చేదాన్ని. కొట్టువాడు రోజూ, "ఏమ్మా, ఇంట్లో ఎవరికన్నా రక్తం తక్కువా?" అని అడిగేవాడు. కాలేయాన్ని చల్లగా నూరి, సెంట్రిఫ్యూజులో తిప్పి తిప్పి లైసోజోములు ఉన్న ముద్దని వేరుచేసేవాళ్ళం. వైరస్ ప్రొటీను కోసం, పరీక్షలో గీత పడిందని రోగులకి ఎక్కించకుండా పక్కన పెట్టిన రక్తం సీసాలు తెచ్చుకునేవాళ్ళం. దాన్ని శుద్ధి చేయడానికే ఏడాది పట్టింది.

చివరికి ఒకరోజు రెండూ ఒకే గొట్టంలో పోశాను. ఒంటి వేడికి సరిపడా వెచ్చటి నీళ్ళలో పెట్టి, గంట గంటకీ కొంచెం తీసి గీత పరీక్ష చేశాను.

మొదటి గంటకి గీత ఉంది. మూడో గంటకి ఉంది. సాయంత్రానికీ ఉంది. మామూలు ప్రొటీను ఏదైనా ఈపాటికి పిండి పిండి అయ్యేది. పక్క గొట్టంలో సరిచూడ్డానికి పెట్టిన పాల ప్రొటీను ఎప్పుడో మాయమైంది. ఇది మాత్రం పొద్దున ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా నిలబడింది. ఎంజైము పెంచాను. పులుపు పెంచాను. మరుసటి వారం మళ్ళీ చేశాను, ఆ పై వారం మళ్ళీ. ప్రతిసారీ గీత నన్ను చూసి వెక్కిరించినట్టు ఉండేది. ఒకరోజు గాజు పలకని సింకులో విసిరికొట్టాను. పగిలిన ముక్కలు ఏరుతుంటే మేడం వచ్చింది.

"పలకలు తెప్పించడానికి నాకు ఎన్నాళ్ళు పడుతుందో తెలుసా?" అంది. తనూ వంగి నాతో పాటు ముక్కలు ఏరింది. ఆ రోజే ఆమెకి మా అమ్మ సంగతి చెప్పాను. విని, చేతిలో ముక్కలు డబ్బాలో వేసి లేచింది.

"ఆ ప్రొటీను ఎందుకు లొంగడం లేదో తెలుసా? దాని ఒంటి నిండా గంధకం ముడులు. తనని తనే గట్టిగా కట్టేసుకుని కూర్చుంది. కత్తి పెట్టడానికి సందు లేదు. ముందు ముడులు విప్పు."

ముడులు విప్పే మందు పేరు మెర్కాప్టోఇథనాల్. కుళ్ళిన గుడ్ల కంపు. నా చీర, జడ, అన్నం తినే చేయి అన్నీ అదే వాసన. ఉద్యోగినుల హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి మంచం మార్చుకుంది. ఆ మందు కలిపి, ఎంజైము వేసి చూస్తే రెండో గంటకల్లా గీత లేదు. పలక మొత్తం అద్దంలా ఉంది.

పరిగెత్తుకుంటూ మేడం గదికి వెళ్ళాను. "చచ్చిందండీ!" అన్నాను.

ఆమె పలకని దీపం దగ్గర పెట్టి చూసింది. "ఎంజైము లేకుండా, ఆ మందు ఒక్కటే కలిపిన గొట్టం పెట్టావా?"

పెట్టలేదు. మర్నాడు పెట్టాను. ఎంజైము లేని గొట్టంలో కూడా గీత పోయింది.

"అంటే నువ్వు దాన్ని చంపలేదు. ముడులు విప్పేసరికి దాని మొహం మారింది. మన యాంటీసీరం దాన్ని గుర్తుపట్టలేదు, అంతే. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు."

ఆ మాటకి నాకు ఆమె మీదే పగ పుట్టింది. కానీ ఆమె చెప్పినట్టే చేశాను. రెండు గొట్టాల్లో సరుకునీ, ప్రొటీన్లని సైజు ప్రకారం విడదీసే వేరే రకం జిగురు మీద పరిగెత్తించి నీలం రంగు వేశాను. మందు ఒక్కటే కలిపిన దాంట్లో ప్రొటీను పట్టీ చెక్కుచెదరకుండా ఉంది. మందూ ఎంజైమూ రెండూ కలిపిన దాంట్లో పట్టీ లేదు. కింద దాకా నీలపు మరక సాగిపోయి ఉంది. ఈసారి అది నిజంగా ముక్కలైంది.

మేడం ఆ జిగురు పొరని ఎండబెట్టి నా చేతికిచ్చింది. "ఇలాంటిది ఎక్కడో ఎవరో ఇప్పటికే చేసి ఉంటారు. అయినా ఇది నువ్వు చేసింది" అంది. నేను దాన్ని దాచుకున్నాను. ఇప్పటికీ ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత చదివాను: ఆ వైరస్‌కి ఇంకో చిన్న ప్రొటీను ఉందట, అది కణంలో ఎక్కువసేపు బతకదట, కణం దాన్ని త్వరగానే నరికేస్తుందట. అయితే ఆ బతికిన కాసేపట్లోనే, కణంలో వైరస్‌ని అణిచిపెట్టే కాపలా ప్రొటీన్లకి కణం చేతే చావు గుర్తు తగిలించి, కణం కత్తితోనే నరికించేస్తుందట. అది చదివి పుస్తకం మూసేశాను. ఇంత నీచమైన తెలివి మనుషులకే ఉంటుందనుకున్నాను అప్పటిదాకా.

*

ఇదంతా జరుగుతూ ఉండగానే ఇంకో పని కూడా చేశాను. ఆదివారాలు ఊరికి వెళ్ళి, చర్చి అయ్యాక మా పేటలో వాళ్ళ రక్తం తీశాను. మనిషికో సూది. అన్నీ ల్యాబులో ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, విడివిడిగా చుట్టి తెచ్చినవి. పక్కింటి పిన్ని మొదట చేయి చాపింది.

"ఇన్ని సూదులు మోసుకొచ్చావేంది? డాక్టరు ఒక్కదానితో లాగిచ్చేత్తాడుగా."

"అందుకే మోసుకొచ్చాను పిన్నీ."

సూదుల డాక్టరు దగ్గర బలం సూదులు చేయించుకున్న వాళ్ళలో చాలామందికి గీత పడింది. పిన్నికి కూడా. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి వెళ్ళినప్పుడు గోంగూర ఒలుచుకుంటూ ఉంది.

"అయితే నేను గూడా మీ అమ్మ మాదిరి పోతానా?"

"అందరూ పోరు పిన్నీ. చాలామందికి ఏమీ కాదు. కానీ నీ నుంచి ఇంకొకళ్ళకి రావచ్చు."

"నేనేం చేశానే, నా నుంచి రాటానికి?" అంది. నేనూ పక్కన కూర్చుని ఒక గోంగూర కట్ట విప్పాను.

ఆ ఫలితాలన్నీ రాసుకుని చర్చిలో అందరి ముందూ చదవాలని, ఆయన్ని ఊరి నడిబొడ్డున నిలబెట్టాలని మనసులో ఎన్నిసార్లు ఆడించుకున్నానో. మేడం ఆ కాగితం చూసి, "ఆయన దగ్గర అసలు సూదులు చేయించుకోని వాళ్ళవి ఎన్ని తీశావు?" అంది. మళ్ళీ అదే ప్రశ్న! పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి వాళ్ళవీ తీశాను. వాళ్ళలో ఎక్కువమందికి గీత లేదు. ఒకరిద్దరికి ఉంది.

"ఇది గట్టి అనుమానం. కానీ మీ అమ్మని చంపింది ఆయనే అని దీంతో ఋజువు కాదు. మీ అమ్మ రక్తం మన దగ్గర లేదు. ఆయన సూది మురికిదని మాత్రం నువ్వు ఎవరికైనా చూపించొచ్చు. చేయగలిగింది చెయ్యి, చేయలేనిది చేశానని చెప్పకు."

సరే, చేయగలిగిందే చేద్దామనుకున్నాను.

శనివారం పొద్దున్నే ఊళ్ళో దిగి నేరుగా ఆయన గదికి వెళ్ళాను. బెంచీ నిండి, గుమ్మం బయట దాకా జనం. వాళ్ళలో పిన్ని కూడా ఉంది. నేను చెప్పినా మానుకోలేదు; నడుము నొప్పి భరించలేకపోయిందట. ఆయన ఒక ముసలాయన చేతిలోంచి సూది తీసి, దూదితో తుడిచి, ఎర్రమందు పట్టి, పిన్ని వైపు తిరిగాడు.

"ఆగండి" అన్నాను.

"ఎవరూ? టీచరు గారి అమ్మాయివి కదూ! గుంటూరులో ఉద్యోగమటగా. రామ్మా, కూర్చో."

"కూర్చోవడానికి రాలేదండి. ఆ సూది ముందు మీరు వేసుకోండి."

ఆయనకి అర్థం కాలేదు. "నాకెందుకమ్మా? నాకేం జబ్బు లేదు."

"బలం సూదే కదండీ. కోత కోసేవాళ్ళకే గానీ మీకు బలం అక్కర్లేదా? మందు మంచిదేగా, సూదీ మంచిదేగా. అందరూ చూస్తుండగా ఒక్కటి వేసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "వైద్యం చేసేవాణ్ణి. ఏది చేయాలో నాకు తెలీదా?"

"తెలుసు. అందుకే వేసుకోవడం లేదు."

సూది ఆయన చేతిలోనే ఉంది. చొక్కా చేయి పైకి లాక్కున్నాడు కూడా. సూది మొన చర్మానికి అంగుళం దూరంలో ఆగింది. ఆయన కళ్ళు ఆ మొన మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో భయం నాకు కనపడింది. నాకే కాదు, బెంచీ మీద ఉన్న ప్రతి ఒక్కళ్ళకీ కనపడింది.

పిన్ని లేచి నిలబడింది. "ఏం డాక్టరు గారూ, మాకు లేని భయం మీకెందుకు?"

అప్పుడు ముసలాయన తన చేయి పట్టుకుని చూసుకుంటూ, "అది నాకేసిన సూదే గదా! అంటే నాకేమన్నా రోగముందా ఏంది?" అని అరిచాడు.

డాక్టరు సూదిని పళ్ళెంలో పడేశాడు. ఒక్కొక్కళ్ళూ లేచి బయటికి నడిచారు. గుమ్మం దాటుతూ పిన్ని మెట్ల మీద తుపుక్కున ఉమ్మేసింది.

ఆ రోజు నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. ఆయన మొహం చూసినప్పుడు నాలిక మీద తియ్యగా అనిపించింది. ఇంటికి వెళ్ళి నాన్నకి చెప్పాను. నాన్న విని, తలుపు దగ్గర నిలబడి, "పగ మన పని కాదమ్మా" అన్నాడు.

"మరి ఎవరి పని నాన్నా? ఆ పని ఉన్నవాళ్ళు ఇన్నాళ్ళూ చేయలేదుగా."

నాన్న ఆ తర్వాత చాలా వారాలు నాతో ముభావంగా ఉన్నాడు. సూదుల డాక్టరు నెల తిరక్కుండా గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికి వెళ్ళాడో నేను అడగలేదు. గెలిచాననుకున్నాను.

*

రెండేళ్ళ తర్వాత ఆసుపత్రి నుంచి మా ల్యాబుకి ఒక సీరం వచ్చింది. గీత మందంగా, దారంలా పడింది. చీటీ మీద ఊరు చీమకుర్తి అని ఉంది. గ్రానైటు క్వారీలో రాళ్ళు కోసే మనిషి. ఎందుకో తెలీదు, వార్డుకి వెళ్ళి అతన్ని చూశాను. గోళ్ళ దాకా పచ్చగా ఉన్నాడు.

"సూదులు ఎక్కడ చేయించుకున్నావు అన్నా?"

"క్వారీ కాడ డాక్టరు దగ్గరమ్మా. మంచోడు. మోపెడ్డు మీద వచ్చాడు గుంటూరు దిక్కు నించి. ఒళ్ళు నొప్పులకి ఎర్రమందు ఏత్తాడు."

"స్టీలు డబ్బా ఉంటుందా?"

"ఆ, ఉంటది. నీకు తెలుసా ఆయన?"

తెలుసన్నాను. నేను ఆయన్ని ఆపలేదు. ఒక ఊరి మీద నుంచి ఇంకో ఊరి మీదికి తోలాను. ఆ రోజు బెంచీ ఖాళీ అవుతుంటే నేను మురిసిపోయిన మురిపెం ఈ మనిషి గోళ్ళలోకి వచ్చి చేరింది. అతను ఆ తర్వాత కోలుకుని ఇంటికి వెళ్ళాడు. అదొక్కటే నా అదృష్టం.

ఆరోగ్యశాఖ ఆఫీసుకి ఫిర్యాదు రాశాను. జవాబు రాలేదు. ఇంకోటి రాశాను, దానికీ రాలేదు. సర్జికల్ కొట్లో సూదుల డబ్బా కొనుక్కుని, సంచిలో పెట్టుకుని, ఒంగోలు మీదుగా చీమకుర్తి వెళ్ళాను. రోడ్డంతా రాళ్ళ లారీలు. జనం, గుడిసెలు, కుక్కలు అన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. రేకుల గది ముందు ఆ మోపెడ్డు కనపడింది.

నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. బాగా ముసలివాడైపోయాడు. కిరసనాయిలు పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు, అడుగున ఐదారు సూదులు. చెప్పొద్దూ, అది చూసి నాకు నిరాశ కలిగింది. మురికి సూదితో ఉండగా ఆయన్ని పట్టుకుందామని వచ్చాను.

"మీ ఊళ్ళో జరిగిన తర్వాత నుంచి మరిగిస్తూనే ఉన్నానమ్మా" అన్నాడు. అని పట్టకారుతో సూదులు తీయబోయాడు.

"ఎంతసేపు మరిగాయి?"

"బుడగలొచ్చినయ్ గదా."

"బుడగలొచ్చాక ఇరవై నిమిషాలు. లోపల పెట్టండి."

బయట కూలీలు గొణుగుతున్నారు. లారీ వెళ్ళిపోతుంది, తొందరగా కానియ్యమంటున్నారు. తొందరలో ఆయన ఏం చేస్తాడో నాకప్పుడు అర్థమైంది. సూదులు లోపల పెట్టించి, బల్ల మీద గడియారం పెట్టుకుని ఇరవై నిమిషాలూ కూర్చున్నాను. నేను తెచ్చిన డబ్బా ఆయన ముందు పడేశాను.

"మనిషికో సూది. నేను వస్తాను. ఏ రోజు వస్తానో చెప్పను. ఒక్కసారి తుడిచి గుచ్చడం చూశానంటే, ఈ క్వారీల్లో ఉన్న ప్రతి మనిషి ముందూ మీ చేతికే గుచ్చిస్తాను. ఈసారి నేను ఆగను, మిమ్మల్ని ఆగనివ్వను."

అన్నట్టే వెళ్ళాను. ఒక నెల మొదట్లో, ఒక నెల చివర్లో. ఒకసారి వరసగా రెండు రోజులు వెళ్ళాను. రెండో రోజు నన్ను చూసి ఆయన చేతిలో పట్టకారు జారిపోయింది. నాకు అది చాలా నచ్చింది. నా పెళ్ళయ్యాక కూడా వెళ్ళాను. పగ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలను: ఒంగోలు బస్సు కిటికీ పక్కన, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఒకసారి ఆయన అడిగాడు. "అమ్మా, మీ అమ్మ గారి సంగతి నాకు తెలుసు. ఆ రోజు మీ నాన్న గారి చేయి పట్టుకున్నప్పుడే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళు ఇట్టా వస్తా ఉన్నావు. ఇంక క్షమించకూడదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే అనుమానం వచ్చింది! అనుమానం వచ్చి కూడా, తర్వాతి శనివారం బెంచీ మీద వాళ్ళకి అదే సూది గుచ్చాడు.

"లేదండి" అన్నాను. "గిన్నె మీద మూత పెట్టండి."

ఎనభైల చివరికొచ్చేసరికి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీలు ఆ వైపు కూడా రావడం మొదలైంది. ఆయన చేతులు కూడా వణకడం మొదలైంది. నేను చివరిసారి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం, పొయ్యి మీద సూదుల గిన్నె మరుగుతోంది. ఆయన దూరం నుంచే నన్ను చూసి, బెంచీ మీద మనిషిని ఆగమని చెయ్యి చూపించి, నేను నోరు తెరవక ముందే అన్నాడు:

"ఇంకా తొమ్మిది నిమిషాలుందమ్మా. కూర్చో."

కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలూ కూర్చున్నాను. కళ్ళు గడియారం మీదే పెట్టాను. అయ్యాక లేచి, బస్సు పట్టుకున్నాను.